క్యాసెట్ అయిపోయిన చోట

పదమూడేళ్ల పాటు ఇతగాడు ఒక పాట ఎక్కడ అయిపోతుందో తప్పుగా నమ్మాడు.

పాట పేరు ‘అండ్ యూ అండ్ ఐ’. యెస్ అనే ఇంగ్లిష్ రాక్ బృందానిది. 1973లో మూడు ఎల్పీలుగా వచ్చిన వాళ్ల లైవ్ ఆల్బమ్ ‘యెస్‌సాంగ్స్’లో రెండో పక్క చివరన ఉంటుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో క్యాసెట్ మీదికి ఎక్కించుకున్న అతని కాపీలో మాత్రం జాన్ ఆండర్సన్ ఇంకా పాడుతూ ఉండగానే గొంతు నొక్కినట్టు ఆగిపోయేది. ఆ వెంటనే టేప్ రికార్డర్ మీట పైకి లేచిన చప్పుడు. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఇలాగే ఉంటుంది కాబోలు, మామూలు పాటల్లా బుద్ధిగా ముగియదు కాబోలు అని సరిపెట్టుకున్నాడు. అంతటితో ఆగాడా? కాలేజీలో జూనియర్లను కూర్చోబెట్టి ఆ ‘అర్ధాంతరపు ముగింపు’ గొప్పదనం మీద ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

లెక్క వేసుకుని ఉంటే గుట్టు అప్పుడే తెలిసేది. ఆ ఆల్బమ్ మొదటి రెండు పక్కలూ కలిపితే దాదాపు 48 నిమిషాలు. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక పక్కకి పట్టేది 45. కంపెనీవాడు దయతలచి రీలు నాలుగు చుట్లు ఎక్కువ చుట్టినా ఇంకో అర నిమిషం. మిగతాది గాల్లో కలిసిపోయింది. ‘నైంటీల మొత్తం పట్టదు భాయ్, జర కట్ అయితది’ అని దుకాణంలో కుర్రాడు చెప్పే ఉంటాడు. వినే ఓపిక ఎవరికుంది?

అది 1986. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ పెట్టిన దుకాణం పేరే అబిడ్స్ పేటకంతా మిగిలింది. ఆదివారం పెద్ద షాపుల షట్టర్లు దించి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకునేవి. ఆ గుట్టల్లో అట్టలూడిన ఇంగ్లిష్ సంగీత పత్రికలు దొరికేవి. వినని కచేరీల మీద సమీక్షలు చదివి, చూడని స్టేజీ గురించి వాదించుకోవడం మొదలైంది అక్కడే. వినాలంటే రికార్డింగ్ సెంటర్‌కి పోవాలి. మెట్ల కింద ఇరుకు గది, రెండు డెక్‌లు, గోడ నిండా ఎల్పీలు. బ్లాంక్ క్యాసెట్, కాగితం మీద రాసిన చిట్టా ఇచ్చి వస్తే వారానికి చేతికొచ్చేది. దాన్నుంచి స్నేహితుడు ఇంకో కాపీ తీసుకునేవాడు, వాడి నుంచి ఇంకొకడు. కాపీకి కాపీకీ బుస పెరిగేది, తాళాలు మసకబారేవి. నాలుగో కాపీ దగ్గరికొచ్చేసరికి యెస్ బృందం హుస్సేన్‌సాగర్ అడుగున కూర్చుని వాయిస్తున్నట్టుండేది.

ఆ సంగీతం తెలియనివాళ్లకు ఒక్క ముక్క. 1960ల చివర బ్రిటన్‌లో కొందరు రాక్ వాద్యకారులకు మూడు నిమిషాల పాట ఇరుకైపోయింది. ఎల్పీలో ఒక పక్కంతా ఒకే పాట పరవడం మొదలెట్టారు. యెస్ వాళ్ల ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ (1972) పద్దెనిమిది నిమిషాల పైచిలుకు. రాగం తానం పల్లవి విన్న చెవికి ఇదేం వింత కాదు. సినిమా పాటల చెవికి మాత్రం కష్టం. ఇతగాడి మేనమామ ఒకసారి పది నిమిషాలు ఓపిగ్గా విని, ‘బాగుందిరా, ఇంతకీ ఎప్పుడు మొదలవుతుంది?’ అన్నాడు.

1999లో లండన్ చేరాక ఒక చారిటీ షాపులో ఆ ఆల్బమ్ సీడీ దొరికింది. ఆగాల్సిన చోట పాట ఆగలేదు. ఇంకా పైకి లేచింది, హోరెత్తింది, తర్వాత మెల్లగా సద్దుమణిగి ఒక చిన్న ముక్తాయింపుతో ఒదిగిపోయింది. అసలు సొగసంతా ఆ చివర్లోనే ఉంది. చేతిలో అన్నం గిన్నెతో గది మధ్య నిలబడిపోయాడు. ఆ జూనియర్లందరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

ఇంకో విచిత్రం. అతను అద్దెకు దిగిన ఇల్లు ఉత్తర లండన్‌లో, ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర. రోజూ బస్సెక్కే చోటికి దగ్గర్లోనే పాత రెయిన్‌బో థియేటర్. 1930లో సినిమా హాలుగా తెరిచారు. 1971 నవంబరు నుంచి పదేళ్లపాటు రాక్ కచేరీలకు నెలవైంది. ఇప్పుడది చర్చి. లోపల ఫౌంటెన్, మూరిష్ తరహా తోరణాలు ఇంకా ఉన్నాయి. మొజంజాహీ మార్కెట్ కమానుల కింద ఐస్‌క్రీమ్ తిన్నవాడికి చూడగానే చుట్టరికం కలుపుకోవాలనిపించే కట్టడం. యెస్ వాళ్లు 1972 డిసెంబరులో వాయిస్తుంటే సినిమా తీసింది ఇక్కడే.

పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ను రికార్డు రాకముందే వాయించిన చోట్లలోనూ ఇదొకటి. రికార్డు 1973 మార్చిలో వచ్చింది, రెయిన్‌బోలో వాయించింది 1972 ఫిబ్రవరిలో. హాల్లో కూర్చున్న ఎవరో దొంగచాటుగా టేపు చేశారు, అది బూట్‌లెగ్ ఎల్పీగా అమ్ముడుపోయింది. అప్పటికింకా రికార్డులో వినిపించే గాయని క్లేర్ టోరీ గొంతు లేదు. ఆ చోట ఆర్గన్, దాని మీద బైబిల్ పఠనం. సింథసైజర్ పరుగుల స్థానంలో గిటార్లతో ఏదో ప్రయాణం. వండుతున్న కూర మూత తీసి చూసినట్టుంటుంది.

హైదరాబాద్ మిత్రబృందం రెండు ముక్కలైంది ఈ దొంగ టేపు దగ్గరే. ఒకడు పింక్ ఫ్లాయిడ్ 1974 నవంబరు వెంబ్లీ కచేరీ పక్షం. బీబీసీ రికార్డు చేసింది కాబట్టి నిక్కచ్చిగా ఉంటుందంటాడు. రెండోవాడికి నిక్కచ్చితనమే గిట్టదు. కింగ్ క్రిమ్సన్ ‘ఎర్త్‌బౌండ్’ (1972)ను సాక్ష్యానికి తెస్తాడు. అది క్యాసెట్ మీద పట్టిన కచేరీ. నాణ్యత చాలదని అమెరికాలో అట్లాంటిక్ కంపెనీ విడుదల చేయనంది. ‘మరి మనం విన్నవన్నీ ఏ నాణ్యతరా? బుస లేకపోతే నాకు నిద్ర పట్టదు’ అంటాడు. ఇతగాడిది మూడో దారి. 2015లో యెస్ వాళ్లు ‘ప్రొజెనీ’ పేరుతో 1972 నాటి ఏడు కచేరీలను 14 సీడీల్లో తెచ్చారు. ఏడు రాత్రులు, పాటల వరస ఒకటే. ఒకే హరిదాసు ఒకే కథను ఏడు ఊళ్లలో చెబితే వెంటబడి వినేవాడు మన దగ్గర లేడా? ఏ ఊళ్లో గొంతు పట్టింది, ఏ ఊళ్లో మనసు పెట్టాడు అన్నదే వాడి లెక్క. అభిమానికి మొత్తం పద్నాలుగూ కావాలి, ఇంట్లోవాళ్లకు ఒక్కటీ అక్కర్లేదు.

దొంగ టేపులకూ ఒక రోజొచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో మైక్ మిల్లర్డ్ అనే అభిమాని చక్రాల కుర్చీలో నకమిచి రికార్డర్ దాచి కచేరీల్లోకి తీసుకుపోయేవాడు. 1975 ఏప్రిల్ 26న అతను పట్టిన పింక్ ఫ్లాయిడ్ కచేరీ, ‘విష్ యు వర్ హియర్’ యాభయ్యేళ్ల సంచికలో అధికారికంగా చేరింది. మిల్లర్డ్ అది చూడలేదు, 1994లోనే పోయాడు.

ఈ గొడవలో తెలుగువాడు లేడా అంటే, ఉన్నాడు, పాలకొల్లువాడు. జెనెసిస్ బృందం నుంచి 1975లో బయటికొచ్చిన పీటర్ గేబ్రియల్ తర్వాత రియల్ వరల్డ్ అనే కంపెనీ పెట్టాడు. 1995లో ఆ కంపెనీ తెచ్చిన ‘డ్రీమ్’లో సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి వాయించింది మాండలిన్ శ్రీనివాస్. మహావిష్ణు ఆర్కెస్ట్రా నడిపిన జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) లైవ్ ఆల్బమ్‌లో వాయించిందీ అతనే. ఈ రెండో ఆల్బమ్ విషయంలో బృందంలో తగువు లేదు. అదే మైకేల్ బ్రూక్ అంతకుముందు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో ‘మస్త్ మస్త్’ (1990) చేశాడు. అందుకే నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ వింటూ, జెనెసిస్‌కి ఇక్కణ్నుంచి రెండే అంగలని ఇతగాడు ఎవరికైనా నచ్చజెప్పగలడు. వినేవాడు దొరకాలి.

కిందటిసారి సెలవుల్లో దొరికారు. 1907 నాటి నాంపల్లి స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఇరానీ హోటల్, రాతి బల్ల, నాలుగు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు. ఫోన్‌లో ‘యెస్‌సాంగ్స్’ పెట్టాడు, రెండో పక్క మొత్తం, కోతలేమీ లేకుండా. ‘అరే, నువ్వు ఇప్పటిదాకా వినని ముక్క వినిపిస్తా’ అని ఊరించాడు. బుస లేకపోతే నిద్ర పట్టనివాడు కళ్లు మూసుకున్నాడు. బయట ఆటోలు, లోపల సాసర్ల చప్పుడు, మధ్యలో ఆండర్సన్ సన్నటి గొంతు. సరిగ్గా పాత కాపీ తెగిపోయిన చోటు వచ్చేసరికి, కళ్లు తెరవకుండానే వాడు ఫోన్ వైపు చెయ్యి చాచాడు.

‘బి సైడ్ తిప్పురా’ అన్నాడు.

పాట ఇంకా నడుస్తూనే ఉంది.