తెలుగు వచ్చు అని రాసినాము



మేమిద్దరం హొసూరోళ్ళం, పక్కపక్క ఇండ్లోళ్ళం. ఒకే ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పని. ఉద్యోగం దరఖాస్తులో 'తెలిసిన భాషలు' అన్నచోట తెలుగు, తమిళం, కన్నడ, ఇంగ్లీషు అని ఇద్దరమూ రాసినాము. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరు 40 కిలోమీటర్లే కాబట్టి కన్నడ. నోరు ఎటైనా తిరుగుతుంది. అది మా బలం, గర్వం కూడా.

పోయిన ఏడాది ఆంధ్రకు పంపే మెషీన్లకు హెచ్చరిక స్టిక్కర్లు వేయించినారు. "మీకు తెలుగు వచ్చు కదా, అచ్చుకు ముందు చూడండి" అన్నారు మేనేజరు సార్. చదవడం సరిగా రాదని చెప్పడానికి సిగ్గుపడి, సరే అన్నాము. పైపైన చూసి సంతకం పెట్టేసినాము.

స్టిక్కర్లు అచ్చయి వచ్చినాక, ప్యాకింగ్‌లో పనిచేసే కుప్పం పెద్దాయన ఒకటి తీసి చదివినాడు. "ఏం నాయనా, మెషీను తిరిగేటప్పుడు మూత తీయండి అని ఉండాదే?" అన్నాడు. 'తీయకండి'లో 'క' లేదు. ఎవరి చెయ్యో పోయేది.

వెంటనే సార్ దగ్గరికి పోయి నిజం చెప్పినాము. మాట్లాడతాము, చదవడానికి తడబడతాము, రాయడం రాదు అని. ఆయన తిట్టలేదు. "ముందే చెప్పింటే ఆ పెద్దాయనకే ఇచ్చేవాణ్ణి కదా" అన్నారు. తిట్టింటేనే బాగుండు అనిపించింది. ఇప్పుడు తెలుగు కాగితాలు ఆయన చూస్తాడు, ఆంధ్ర కస్టమర్లతో ఫోన్‌లో మేము మాట్లాడతాము. పని బాగా సాగుతోంది.

మేము ఒకటో తరగతిలో చేరిన 2006లోనే తమిళనాట ఆ తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మా బడిలో తెలుగు పాఠమే లేదు. నెపం చట్టం మీద వేయొచ్చు. కానీ అవ్వ పలక పట్టుకుని పిలిస్తే వీధిలోకి పరుగెత్తింది మేమే.

సంఘం ఫారంలోనూ 'తెలుగు వచ్చా?' అని ఒకటే గడి ఉంది. మాట్లాడటం, చదవడం, రాయడం అని దాన్ని మూడు చేయండి. అప్పుడు ఆదివారం తరగతి ఎవరికి కావాలో తెలుస్తుంది. మొదటి రెండు 'రాదు'లు మావే రాసుకోండి.

ఇది కూడా మేము నోటితో చెప్తే ఫోను రాసింది. తప్పులు దిద్దింది కుప్పం పెద్దాయనే.