ఇరవై నాలుగు చారల దుప్పటి

ఆదిలాబాదు చలికాలం మా అత్తగారికి ఏటా ఒక పరీక్ష. కీళ్ళ నొప్పులతో రాత్రంతా నిద్ర ఉండదు. అంగడి నుండి తెచ్చిన రగ్గు ఒంటికి గుచ్చుకుంటుందని ఆమె పక్కకు నెట్టేస్తారు. అందుకే ఇంటి కోడళ్ళం ముగ్గురం కలిసి మెత్తని ఊలుతో ఒక చారల దుప్పటి అల్లి ఇస్తామని ఆమెకు మాట ఇచ్చాము.

సూది పట్టడం నేర్పింది మాలో చిన్నామె. ఆమె పుట్టిల్లు నరసాపురం. అక్కడి క్రోషియా లేసు పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చి ఇంటింటి స్త్రీల చేతిపనిగా స్థిరపడింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో వెలువడిన తన గ్రంథంలో చూపినట్లు, గంటల తరబడి అల్లే ఆ స్త్రీల శ్రమను లోకం గృహిణుల తీరిక పనిగానే లెక్కగట్టింది. మా దుప్పటిని చూసిన బంధువులూ “కాలక్షేపం బాగానే ఉంది” అన్నారు. కాలక్షేపమట! వరుసకు 240 కుట్లు, చారకు ఆరు వరుసలు, మొత్తం 24 చారలు. అంటే 34,560 కుట్లు. పిల్లలను బడికి పంపి, వంట ముగించి, జుహర్ నమాజు తర్వాత దొరికే గంటలోనే ఇదంతా.

ఒక్కో రంగు ఊలు ఒకేసారి కొనాలని చిన్నామె పట్టుబట్టింది. అద్దకం మారితే అదే రంగు మరో ఛాయలో కనిపిస్తుందట. రంగు మార్చేటప్పుడు పాత రంగు చివరి కుట్టును పూర్తి చేయకుండా ఆపి, ఆఖరి లాగుడు కొత్త దారంతో లాగాలి. అప్పుడే చారల మధ్య గీత శుభ్రంగా వస్తుంది. వరుస చివరి కుట్టును లెక్కించకుండా వదిలేస్తే దుప్పటి అంచు లోపలికి నడుస్తుంది. అన్నిటికన్నా తంటా మా చేతులతోనే. పెద్దామె దారాన్ని బిగించి లాగుతుంది, నడిమి ఆమెది వదులు చేయి. ఎవరి చార ఎవరిదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పవచ్చు.

పదిహేనో చార దగ్గర పిల్లల పరీక్షలు వచ్చాయి, పని ఆగింది. ఆ రోజుల్లోనే ‘అన్ నహ్ల్’ సూరా 92వ ఆయత్ పారాయణంలోకి వచ్చింది. గట్టిగా వడికిన నూలును తానే తునకలు చేసుకున్న స్త్రీ ఉపమానం అందులో ఉంది. అది తప్పిన వరుసను విప్పి అల్లడం గురించి కాదు సుమా, చేసిన ప్రమాణాలను భంగపరచడం గురించి! మేము ఇచ్చిన మాట అప్పటికి ఇంకా తొమ్మిది చారల దూరంలో ఉంది.

పుష్యమాసపు చలిలో దుప్పటి పూర్తయింది. అత్తగారు దానిని నిమిరి, దుఆ చేసి, నాలుగు రాత్రులు కప్పుకున్నారు. అయిదో రోజు మా ఇంట గిన్నెలు తోమే ఆమె కూతురు బాలింతగా రేకుల గదిలో వణుకుతోందని విని, మడిచి పంపించేశారు. మాతో ఒక్క మాటా చెప్పలేదు.

ఆ సాయంత్రం మేము మౌనంగానే ఉన్నాము. పెద్దామె బుఖారీ గ్రంథంలోని ఒక హదీసును గుర్తుచేసింది. ఒక స్త్రీ స్వయంగా నేసిన దుప్పటిని దైవప్రవక్త (సఅసం)కు కానుకగా తెచ్చింది. ఆయనకు దాని అవసరం ఉంది. అయినా ఒకరు అడగగానే ఇచ్చేశారు. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ఆ సంఘటనలో, అడిగిన వ్యక్తి దానిని తన కఫన్ కోసం కోరుకున్నాడు, చివరికి అదే అతని కఫన్ అయింది.

“నేసిన ఆమెకు ఎలా అనిపించి ఉంటుంది?” అని చిన్నామె అడిగింది. మా దగ్గర జవాబు లేదు. అత్తగారు మళ్ళీ పాత రగ్గే కప్పుకుంటున్నారు, కింద పాత చీర ఒకటి వేసుకుని. చిన్నామె మనసు ఇంకా సమాధానపడలేదు. అయినా నిన్న ఊలు కొట్టుకు మొదట బయలుదేరింది ఆమే.