చేత్తో రాసుకున్న దారి

నాన్నగారికి బదిలీ అయి రాయపూర్‌లో ఎయిమ్స్ ఉన్న టాటీబంధ్‌కు వచ్చాం. అక్కాతమ్ముళ్లం మాకిది మూడో బడి.

ఒక సెలవురోజున నాన్నగారు ఆఫీసులోని లేయర్-3 స్విచ్‌లో రౌటింగ్ టేబుల్ చూపించారు. ఏ ఐపీ అడ్రసుల గుంపుకు తర్వాతి మజిలీ ఏదో అందులో వరుసగా ఉంది. ప్యాకెట్ రాగానే, దాని అడ్రసుతో ఎక్కువ బిట్లు కలిసిన వరుసను స్విచ్ ఎంచుకుంటుంది. ఏదీ కలవకపోతే డిఫాల్ట్ దారి. అదీ లేకపోతే ప్యాకెట్‌ను పారేస్తుంది. పక్క స్విచ్‌ల నుంచి నేర్చుకున్న దారులు లింకు తెగితే చెరిగిపోతాయి. మనిషి రాసిపెట్టిన స్టాటిక్ దారి మాత్రం ఎవరైనా తీసేదాకా సెట్టింగుల్లో ఉంటుంది.

బదిలీ అయిన ప్రతిసారీ కొందరు స్నేహితులు దూరమవుతున్నారు. ఇక్కడ క్లాసులో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, తెలుగు ఇంట్లోనే. అందుకే ప్రతి ఆదివారం అమ్మమ్మకు తెలుగులో ఉత్తరం రాస్తున్నాం. అది మేం చేత్తో రాసుకున్న దారి.