పెద్దవాళ్లకు నిలబెట్టి కూడా బీపీ చూడాలి

హైదరాబాద్‌లోని ఒక వైద్య కళాశాల ఫిజియాలజీ విభాగంలో ఉంది అటానమిక్ ల్యాబ్, అంటే మన ప్రమేయం లేకుండా గుండెను, రక్తపోటును నడిపించే నరాలను పరీక్షించే గది. పరీక్షకు వచ్చేవాళ్లు ఆ పూట కాఫీ, టీ తాగకూడదు, సిగరెట్ ముట్టకూడదు. గదిలో మాటలు తక్కువ, ఫోన్లు బయటే. చలి వేసినా, కంగారు పడ్డా గుండె లయ మారిపోతుంది కనుక ఇంత జాగ్రత్త.

నేను వెళ్లేసరికి మంచం మీద డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయని వచ్చారట. టెక్నీషియన్ ఈసీజీ తీగలు తగిలించి, ఐదు నిమిషాలు కదలకుండా పడుకోమంది. ఒక స్పందనకూ మరో స్పందనకూ మధ్య ఎడం మిల్లీసెకన్లలో నమోదవుతోంది. ఈ ఎడం మారుతూ ఉండటమే హార్ట్ రేట్ వేరియబిలిటీ. దాన్ని కొలిచే ప్రమాణాలను యూరప్, అమెరికా నిపుణుల సంఘాలు 1996లో ఖరారు చేశాయి.

"ఇప్పుడు నెమ్మదిగా గాలి పీల్చండి బాబాయ్ గారూ... నెమ్మదిగా వదలండి" అందామె. ఐదు సెకన్లు లోపలికి, ఐదు సెకన్లు బయటికి. గాలి పీల్చినప్పుడు గుండె వేగం పెరగాలి, వదిలినప్పుడు తగ్గాలి. యువకుల్లో ఈ తేడా నిమిషానికి 15 స్పందనలకు మించి ఉంటుంది. మాస్టారి ఈసీజీ గీతలో తేడా కొద్దిగానే కనిపించింది.

కారణం అక్కడి ప్రొఫెసర్ గారు విడమరిచి చెప్పారు. యువకుల గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. వేగస్ నరం కళ్లెం పట్టి దాన్ని 70 దగ్గర నిలుపుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. మరోపక్క గుండె వేగం పెంచే సింపథెటిక్ నరాల ఉద్ధృతి పెరుగుతుంది కానీ, అడ్రినలిన్‌కు గుండె మునుపటిలా స్పందించదు. మెడలోని ధమని గోడలు బిరుసెక్కుతాయి కాబట్టి, రక్తపోటు మార్పును పసిగట్టే నాడీ కొసలకు సమాచారం సరిగా అందదు. 10 నుంచి 99 ఏళ్ల ఆరోగ్యవంతులు 260 మందిని పరీక్షించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, వేగస్ పనితీరును చూపే కొలత యాభైల నాటికే దాదాపు సగానికి పడిపోయింది. అంటే ఇది జబ్బు లేనివాళ్లలోనూ జరిగే మార్పే. షుగర్ వ్యాధి తోడైతే నరాలు ఇంకా త్వరగా దెబ్బతింటాయి.

తర్వాత మాస్టారిని నిలబెట్టారు. మనిషి లేచి నిలబడితే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచాలి. మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే అది లోపమే. మాస్టారికి పడిపోయింది. ఆయన వాడుతున్న బీపీ, ప్రోస్టేట్ మాత్రల చీటీ అడిగి తీసుకున్నారు. ఆ మందుల్లో కొన్ని ఈ ఇబ్బందిని పెంచుతాయి.

"మందులు మీ అంతట మీరు మానకండి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకండి. కాసేపు కూర్చుని, తర్వాత నిలబడండి" అని ప్రొఫెసర్ గారు మాస్టారికి చెప్పారు. క్రమం తప్పని నడక ఈ నరాల వ్యవస్థకు మేలు చేస్తుందనీ అన్నారు.

పెద్ద వయసులో ఒక్కసారి పడి తుంటి ఎముక విరిగితే మళ్లీ మామూలుగా నడవలేనివాళ్లు ఎందరో. అందుకే ఇంట్లోని పెద్దవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మరోసారి బీపీ చూడమని అడగండి. దానికి ల్యాబ్ అక్కర్లేదు, మామూలు బీపీ మిషన్ చాలు.