ఇద్దరు టెంప్‌ల తగువు

సీ భాషలో రెండు వేరియబుల్స్ విలువలను తారుమారు చేయడానికి చాలామంది ఒక మాక్రో (పేరు వాడిన ప్రతిచోటా కోడ్‌గా పరుచుకునే అచ్చు) రాసుకుంటారు. మధ్యలో ‘టెంప్’ అనే తాత్కాలిక వేరియబుల్ ఉంటుంది. ఎవరో ఒకరు తమ ప్రోగ్రాంలోనూ ‘టెంప్’ అనే పేరే పెట్టుకుని దాన్ని ఆ మాక్రోకి ఇచ్చేదాకా అంతా సవ్యంగానే నడుస్తుంది. ఇచ్చాక, లోపలి టెంప్ బయటి టెంప్‌ను కప్పేస్తుంది. విలువలు మారవు. ప్రత్యేకంగా హెచ్చరికలు కోరితే తప్ప కంపైలర్ చాలాసార్లు నోరెత్తదు.

లినక్స్ కెర్నెల్ తన తాత్కాలిక వేరియబుల్ పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టి తగువు తప్పించుకుంది. కామన్ లిస్ప్ భాషలో ‘జెన్‌సిమ్’ అనే ఫంక్షన్ అడిగిన ప్రతిసారీ కొత్త గుర్తును పుట్టిస్తుంది. రెండూ పనికొచ్చేవే. కానీ జాగ్రత్తంతా రాసే మనిషిదే, ఒక్కచోట మరిచిపోతే చాలు.

ఆ భారం భాషే మోయాలని 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసన్, డూబా ఒక పరిశోధన పత్రంలో దారి చూపారు. మాక్రో తెచ్చిన పేరు, ప్రోగ్రామర్ రాసిన పేరు అక్షరాల్లో ఒకటే అయినా వేర్వేరుగానే లెక్కకు రావాలి, ఇంటిపేర్లు వేరైన ఇద్దరు శ్రీనివాసుల్లాగ. ఎంత చక్కటి ఆలోచన! 1998 నాటి ఆర్5ఆర్ఎస్ ప్రమాణం స్కీమ్ భాషలో దీన్ని తప్పనిసరి చేసింది.

రస్ట్ భాషలో ‘మాక్రో రూల్స్’ స్థానిక వేరియబుల్స్‌కు ఈ రక్షణ ఇస్తుంది. ఫంక్షన్ల పేర్లకు, టైపుల పేర్లకు ఇవ్వదు. కాబట్టి లైబ్రరీ కోసం మాక్రో రాసేవాళ్లు తమ ఫంక్షన్ల పేర్ల ముందు ‘డాలర్ క్రేట్’ చేర్చడం మరవకండి.