చివరి ఆశీర్వాదానికి ముందు

పూజగ్రంథంలో ప్రకటనల గురించి ఉన్న నియమం చాలా చిన్నది. సత్ప్రసాదం పంచి, ఆ తరువాతి ప్రార్థన చెప్పాక, ఆఖరి ఆశీర్వాదానికి ముందు, అవసరమైతే క్లుప్తంగా ప్రకటనలు చేయవచ్చు. 'అవసరమైతే', 'క్లుప్తంగా' అన్న ఆ రెండు మాటలూ రోములో ఓడెక్కి కృష్ణా డెల్టాకు వచ్చేలోపు ఏ రేవులోనో దిగిపోయినట్టున్నాయి. మా విచారణలో ప్రకటనలు లేని ఆదివారం లేదు. క్లుప్తంగా ముగిసిన ఆదివారం అసలే లేదు.

ఫాదరుగారు వెళ్ళి కుర్చీలో కూర్చుంటారు. ఉపదేశిగారు కళ్ళజోడు సవరించుకుని జేబులోంచి మడతపెట్టిన కాగితం తీస్తారు. మైకు ఒకసారి కీచుమంటుంది. సరిగ్గా అప్పుడే వెనక వరసల్లో కదలిక మొదలవుతుంది. కోడి కొట్టు దగ్గర జనం పెరిగిపోతారని కొందరు, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చామని కొందరు, ఏ కారణమూ లేకుండా అలవాటుకొద్దీ కొందరు చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

నాకు మాత్రం పూజలో ఈ పది నిముషాలంటే ప్రత్యేకమైన మక్కువ. ఈ మాట పైకంటే ఫాదరుగారు నొచ్చుకుంటారు కాబట్టి ఎప్పుడూ అనలేదు. ప్రసంగంలో మనం ఎలా ఉండాలో చెబుతారు. ప్రకటనల్లో మనం ఎలా ఉన్నామో తెలుస్తుంది.

విచారణ అంటే ఒక్క గుడి కాదు. ఒక గురువు సంరక్షణలో ఉన్న విశ్వాసుల సమాజమని 1983 నాటి ధర్మశాస్త్రం చెబుతుంది. కట్టడం సంగతి తరువాత. మా వైపు దాని రూపం ఇది: మండల కేంద్రంలో పెద్ద గుడి, దాని పక్కన సిస్టర్ల బడి, చుట్టూ ఐదారు పల్లెల్లో చిన్న గుళ్ళు, వాటన్నిటి మధ్య మోటారు సైకిలు మీద తిరిగే ఒక ఫాదరుగారు. ఆయన ఒకచోట పూజ చేస్తున్నప్పుడు మిగతా పల్లెల్లో ప్రార్థన నడిపేది ఉపదేశులు. జీతం చూస్తే జాలి వేస్తుంది, పని చూస్తే భయం వేస్తుంది. మన పల్లెల్లో కతోలిక విశ్వాసం నిలబడిందంటే సగం వాళ్ళ చలవే అని నా నమ్మకం. ప్రకటనల కాగితంలో వాళ్ళ పేరు ఎప్పుడూ ఉండదు, ఆ కాగితం రాసేది వాళ్ళే కాబట్టి.

కాగితంలో మొదట వచ్చేవి చిల్లర సంగతులు. ఈ వారం గుడి ఊడ్చేది పునీత అంతోనివారి వార్డు. పాటల బృందం శనివారం సాయంత్రం రావాలి. జ్ఞానోపదేశానికి పిల్లల్ని పంపని తల్లిదండ్రులు ఫాదరుగారిని కలవాలి. ఈ చివరిది విని ఎవరూ కలవరు.

అప్పుడు పెళ్ళి ప్రకటన వస్తుంది. ఫలానా విచారణకు చెందిన ఫలానా వారి కుమారుడికి, మన విచారణలో ఫలానా వారి కుమార్తెకు వివాహం నిశ్చయమైంది. ఇది రెండో ప్రకటన, ఆటంకమేదైనా తెలిసినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను. చెప్పులు వెతుక్కునే చేతులు కూడా ఆగిపోతాయి. ఆడవాళ్ళ వరసలో లెక్కలు మొదలవుతాయి: ఏ ఊరు, ఎవరి మనవడు, ఏం చేస్తాడు, వాళ్ళ పెద్దబ్బాయికి ఇంకా కాలేదు కదా.

ఈ ఆచారం వయసు ఎనిమిది వందల ఏళ్ళు పైనే. 1215లో మూడో ఇన్నోసెంట్ పోపు పిలిపించిన లాటరన్ మహాసభ పెళ్ళిళ్ళను ముందుగా గుళ్ళలో చాటాలంది. 1563లో ట్రెంట్ మహాసభ అది మూడుసార్లు జరగాలని కట్టడి చేసింది. చాటుమాటు పెళ్ళిళ్ళు చేసుకుని, తరువాత కాదని బుకాయించే మగవాళ్ళ బెడద అప్పట్లో యూరపులో చాలా ఉండేదట. ఇప్పుడు మన దగ్గర మొదటి ప్రకటన వచ్చేసరికే శుభలేఖ వాట్సాప్‌లో తిరిగేసి ఉంటుంది, కల్యాణ మండపానికీ వంటవాళ్ళకీ అడ్వాన్సులు ఇచ్చేసి ఉంటారు. ఇంక ఆటంకం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది అనిపిస్తుంది.

కానీ ప్రకటన వెనక ఒక పుస్తకం ఉంది. కతోలిక గుడిలో జ్ఞానస్నానం పొందిన బిడ్డ పేరు అక్కడి రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఆ మనిషికి ఎక్కడ ఏ దేశంలో గుడిలో పెళ్ళయినా ఆ సంగతి జ్ఞానస్నానం జరిగిన విచారణకు రాసి పంపాలి, ఆ పేరు పక్కన ఎక్కించాలి. 1907లో పదో పయస్ పోపు కాలం నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. పెళ్ళికి ముందు జ్ఞానస్నాన పత్రం కొత్తగా తెప్పించమనేది అందుకే. గల్ఫులోనో గ్లాస్గోలోనో ఉద్యోగం చేసే అబ్బాయికి పిల్లనిచ్చేటప్పుడు, వాడికి అక్కడ ఇంకో సంసారం ఉందేమోనని లోపల్లోపల కుమిలే తండ్రికి ఆ పాత అట్టల పుస్తకం ఇచ్చే ధైర్యం ఏ మ్యారేజి బ్యూరో ఇవ్వదు. రాసి పంపాల్సినవాళ్ళు బద్ధకిస్తే ఏమీ చేయలేమనుకోండి.

నెల చివరి ఆదివారం ఇంకో ప్రకటన ఉంటుంది: వచ్చేది మొదటి శుక్రవారం, మంచాన ఉన్నవారికి సత్ప్రసాదం తెస్తాము, పేర్లు ఇవ్వనివారు ఇవ్వండి. ఈ జాబితా ఒకప్పుడు చిన్నదిగా ఉండేది. ఇప్పుడు పెరిగింది. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, డల్లాసులో. ఇక్కడ మేడ కట్టిన ఇల్లు, అందులో ఒక ముసలమ్మ, ఆమెను చూసుకునే పనిమనిషి. ఆ శుక్రవారం పొద్దున్నే స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, సిలువ పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, గ్లాసుడు నీళ్ళు పక్కన ఉంచి ఎదురుచూస్తారు. ఫాదరుగారు వచ్చి సత్ప్రసాదం ఇచ్చేది ఐదు నిముషాలు, తరువాత మోకాళ్ళ నొప్పుల గురించి వినేది అరగంట. ఆ అరగంట ఏ పూజగ్రంథంలోనూ లేదు. దానికోసమే ఆ పిలుపు అని ఇద్దరికీ తెలుసు. ఏదో ఒక ఆదివారం ఆ పేరు ఈ జాబితా నుంచి ఆత్మశాంతి పూజల జాబితాలోకి మారుతుంది. చదివే గొంతులో మార్పేమీ ఉండదు.

నాకు పడని ప్రకటన ఒకటుంది. చందాలది. గుడి రంగులకు ఫలానావారు ఇరవై వేలు, మైకు సెట్టుకు ఫలానావారు పదివేలు, వారిని దేవుడు దీవించుగాక. ఇచ్చినవారి సంతోషం సరే. ఏమీ ఇవ్వలేక వెనక వరసలో కూర్చున్న కూలీ మనిషి మొహం ఆ సమయంలో ఎవరైనా చూశారా? ఇదే గుడి వరండాలో ఆదివారం సాయంత్రాలు విన్సెంట్ డి పాల్ సభ జరుగుతుంది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి స్నేహితులతో కలిసి మొదలుపెట్టినది. సభ ముగిసేముందు ఒక గుడ్డ సంచి చేతులు మారుతుంది. ఎవరు ఎంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. ఆ డబ్బుతోనే పేదల ఇళ్ళకు బియ్యం, మందులు. రెండు పద్ధతులూ ఒకే గుడిలో ఉన్నాయి. రంగులకు చప్పట్లు కొడతాం, బియ్యానికి కొట్టం. నన్నడిగితే పేర్లు చదవడం మాని, లెక్క మొత్తం నోటీసు బోర్డుకు అంటిస్తే చాలు. ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండి తీరాలని ధర్మశాస్త్రమే చెప్పింది. దాని పని అదే.

ఇప్పుడు ఆగస్టు ప్రకటనలు. మొదటిది పదో తేదీ గురించి: నల్ల బ్యాడ్జీలు పెట్టుకోవాలి, సాయంత్రం కొవ్వొత్తులతో ఊరేగింపు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవుడైన దళితుడికి మాత్రం ఇప్పటికీ లేదు. ఇక్కడ అతను బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. ఈ ప్రకటన చదివేటప్పుడు మా గుడిలో రెండు రకాల మౌనం ఉంటుంది. ఒకటి మండుతూ వినేవాళ్ళది. రెండోది, ఇది మా సంగతి కాదులే అని ఫోను చూసుకునేవాళ్ళది. ఒకే సత్ప్రసాదం తిని వచ్చి ఐదు నిముషాలు కాలేదు. కులం గుడిలోకి చెప్పులతోనే వచ్చిందన్న సంగతి పెద్దలకు తెలియక కాదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని ప్రకటిస్తూ, సంఘం లోపలే వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయ్యారు. ఆ పదవికి చేరిన మొదటి తెలుగువారు ఆయన, మొదటి దళితుడూ ఆయనే. ఆ వార్త గుడిలో చదివేలోపే ఫోన్లలో పాతబడింది, అయినా చదివినప్పుడు చప్పట్లు మోగాయి. అవి అన్ని వరసల్లోంచీ ఒకే ఊపున వచ్చాయని మాత్రం అనలేను.

ఐదు రోజులు గడిస్తే ఆగస్టు 15. మరియమాత మోక్షారోపణ పండుగ, స్వాతంత్ర్య దినం కలిసి వచ్చే రోజు. పొద్దున పండుగ పూజ, వెంటనే బడి ఆవరణలో జెండా వందనం. తెల్ల యూనిఫాంల పిల్లలు, ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కా వేసుకుని ఏడాదికొక్కసారి కనిపించే పెద్దలు, చివర్న చాక్లెట్లు. మరియమాత పాటకూ జాతీయ గీతానికీ శ్రుతి ఇచ్చేది ఒకే హార్మోనియం.

ఆపైన నెలాఖరు దాకా ఒకటే హడావుడి. వేళాంగణి వెళ్ళే బస్సుకు పేర్లివ్వాలి. కాషాయం కట్టి వెళ్ళేవాళ్ళు వేరే చెప్పాలి. అక్కడిలాగే మా గుడి పండుగ కూడా మరియమాత జన్మదినమైన సెప్టెంబరు 8నే. ఆగస్టు 30న జెండా ఎత్తి, తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు చేస్తాం, రోజుకో వార్డు బాధ్యత. తేరు ఏ వీధి గుండా వెళ్ళాలన్నది పోయినేడు తేలకుండానే పండుగ అయిపోయింది. ఈ ఏడూ తేలదు. కమిటీలో దాని మీద జరిగిన చర్చలో సగం శ్రద్ధ జ్ఞానోపదేశం మీద పెడితే మా పిల్లలంతా పునీతులయ్యేవారు. పండుగ భోజనంలో సాంబారా పప్పుచారా అన్న విషయంలో మాత్రం అద్భుతమైన ఐక్యత కనిపించింది: రెండూ.

పండుగ పూజ చేయడానికి వచ్చేది జర్మనీలో పనిచేస్తున్న మా ఊరి ఫాదరు. చిన్నప్పుడు ఈ గుడిలోనే గంట కొట్టినవాడు. ఒకప్పుడు గురువులు అటునుంచి ఇటు వచ్చేవారు. 1924లో ఇటలీ నుంచి వచ్చిన అర్లాటి ఫాదరు గుణదల అనాథాశ్రమంలో మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు లక్షల జనం గుణదల కొండకు వస్తారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. అక్కడ దండం పెట్టేవాళ్ళలో క్రైస్తవులెవరో కానివాళ్ళెవరో విడదీయడం కష్టం. నూరేళ్ళు తిరిగేసరికి గురువులు తక్కువైన దేశాలకు మనవాళ్ళు వెళుతున్నారు. ఆ పని కోసమే 1984లో ఏలూరులో హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ అనే సభ పుట్టింది. మా ఫాదరు పనిచేసేచోట గుడి చాలా పెద్దదట, ఆదివారం పూజకు వచ్చేవాళ్ళు తక్కువట. ప్రకటనలు అచ్చువేసి బల్ల మీద పెడతారట, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపోవచ్చునట. మైకూ లేదు, ఉపదేశిగారి దగ్గూ లేదు. వినడానికి ఎంతో నాగరికంగా ఉంది. మాకొద్దు.

ఇక పోయిన ఆదివారం కాగితంలో అడుగున, చిన్న అక్షరాలతో ఉన్న ప్రకటన ఒకటి. చదివేసరికి సగం గుడి ఖాళీ అయింది కాబట్టి ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. పండుగ రోజున నడవలేని పెద్దవాళ్ళను ఇళ్ళ నుంచి గుడికి తెచ్చి, భోజనాలయ్యాక దిగబెట్టడానికి రెండు ఆటోలు మాట్లాడారు. అవి చాలవు. ఇంకో ఆటోకు డబ్బు ఇవ్వదలచినవారు గుమ్మం దగ్గరి పెట్టెలో వేయండి. పేరు రాయనక్కర్లేదు.