మా ఇంటి గరిక పంట

హోసూరులో మా ఇంటి ముందు రెండు వందల చదరపు అడుగుల జాగా ఉంది. బోరు వేయించినప్పుడు పైకొచ్చిన బూడిదరంగు మట్టి పరుచుకుని అది బీడుపడింది. పిల్లలు ఆడుకుంటారని మావారు నిరుడు జూన్‌లో వంద గ్రాముల గరిక గింజల పొట్లం తెచ్చారు.

మామగారు ఆ పొట్లం చూసి, "రాగిచేలో గరిక పీకి పీకి నా నడుం వంగిపోయింది. ఇప్పుడు డబ్బిచ్చి కొని చల్లుతారా!" అని నవ్వారు. పొలం ఫ్యాక్టరీల కింద పోయాక ఆయన నవ్వగా చూడటం అరుదు. డబ్బు బ్యాంకులో ఉంది గాని ఆయనకు పొద్దు పోదు. రోజంతా గేటు దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవారు.

మేమే గింజలు చల్లి నీళ్లు పట్టాం. మూడోనాడు కురిసిన వానకు గింజలు కొట్టుకుపోయి గోడవార పోగయ్యాయి. మిగిలినవి చీమల పాలు.

"మామయ్యా, మీరు చెబితే గాని ఇది అయ్యేలా లేదు" అన్నాను. ఆయన పలకలేదు. మర్నాడు తెల్లవారి లేచేసరికి పార పట్టుకుని మట్టి తవ్వుతున్నారు!

పెడ్డలు చితక్కొట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి, నీరు నిలవకుండా గేటు వైపు కొంచెం వాటం పెట్టారు. తడిపి పది రోజులు ఆగి, మొలిచిన కలుపంతా పీకించారు. కొత్త పొట్లంలోని గింజలకు నాలుగింతల ఇసుక కలిపి, సగం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా చల్లారు. "సన్నగింజ లోతుకు పోతే పైకి రాదమ్మాయ్, రాగులైనా అంతే" అంటూ ముళ్లకంపను పైపైన లాగారు. పల్చగా గడ్డి కప్పారు. చీమలకు గోడ పక్కన ఇంత నూక పోశారు. పూలచెట్లకు పోసే జల్లు డబ్బాతో పొద్దునా సాయంత్రం తడిపేవారు.

పన్నెండో రోజుకు నేలంతా పచ్చటి నూగు! రెండున్నర అంగుళాలు పెరిగాక, పైన మూడో వంతు మాత్రమే కత్తిరించనిచ్చారు. మరీ పొట్టిగా కోస్తే లేత వేరు నిలదొక్కుకోదట.

ఏటా వినాయక చవితికి గరిక బజారులో కొనేవాళ్లం. నిరుడు మామగారే స్నానం చేసి వచ్చి, పోచ పోచా ఏరి నా పళ్లెంలో పెట్టారు. జన్మంతా గరికను పీకి గట్టున పారేసిన చెయ్యి అది!

ఇప్పుడు ఆయన కుర్చీ పచ్చిక పక్కకు చేరింది. మా ఇంటికి వచ్చేవారికి ఒక్క మనవి. దయచేసి చెప్పులతో అందులో అడుగు పెట్టకండి. "చేలోకి చెప్పులేమిటి?" అని కేకలేస్తారు.